వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?

మా అన్నయ్య ఇంట్లో ఇప్పుడు రెండు పార్టీలున్నాయి. కొడుకుది టియాగో పార్టీ. అల్లుడిది వ్యాగనార్ పార్టీ. కొడుక్కి విశాఖలో ఉద్యోగం, అల్లుడికి కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం. ఇద్దరూ కలిశారంటే చాలు, ఫోన్లు బయటికొస్తాయి. ఒకడు నక్షత్రాలంటాడు, ఇంకొకడు మైలేజీ అంటాడు. ఒకడు టాటా తలుపు వేస్తే వచ్చే చప్పుడు గురించి చెబుతాడు, రెండోవాడు మారుతీని మళ్లీ అమ్మితే వచ్చే ధర చెబుతాడు. కారు కొంటున్నది అన్నయ్య కోసం. ఆయనకు కిడ్నీలు పాడయ్యాయి, వారానికి రెండు మూడు సార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా వజ్రపుకొత్తూరు మండలంలో ఇది వింత కథేం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి ఇల్లు తగులుతుంది.

నేను ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైన మనిషిని. కారు నడపడం నాకు రాదు. అయితే ఆటోల్లోంచి, జీపుల్లోంచి, కార్లలోంచి నేను మనుషుల్ని దింపించినన్ని సార్లు ఈ ఇద్దరూ గేర్లు మార్చి ఉండరు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. కార్ల గురించి పత్రికల్లో, వీడియోల్లో వచ్చేదంతా నడిపేవాడి మాటే. స్టీరింగ్ తేలిగ్గా తిరుగుతుందా, పికప్ ఎలా ఉంది, తెర ఎంత పెద్దది, దానికి ఫోను కలుస్తుందా. మా ఉద్దానంలో చాలా ఇళ్లలో కారు వెనక సీటు కోసం వస్తుంది. బేరం కూడా అక్కణ్నుంచే మొదలవ్వాలి.

అసలు ఈ రెండు బండ్లలో అంత తేడా ఏముందని? రెండూ నాలుగు మీటర్ల లోపువే. రెండిటి పెట్రోలు ఇంజనూ 1200 సీసీ దాటదు. అందుకే 2025 సెప్టెంబరు 22న, సరిగ్గా దసరా నవరాత్రుల మొదటి రోజున, చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు రెండూ కలిసే దిగాయి. పైనున్న ఒక శాతం సెస్సు కూడా పోయింది కాబట్టి ఆరు లక్షల బండి మీద దాదాపు 51 వేలు మిగిలినట్టు. రెండిటి ప్రారంభ ధరా ఐదు లక్షల లోపుకు వచ్చేసింది. నేలకీ బండి అడుక్కీ మధ్య ఖాళీ వ్యాగనార్‌కు 165 మిల్లీమీటర్లు, టియాగోకు 170. ఈ ఐదు మిల్లీమీటర్ల మీద మా ఇంట్లో ఒక రాత్రి భోజనం చల్లారిపోయింది.

వ్యాగనార్ 1999 చివర్లో వచ్చింది. 2024–25 ఆర్థిక సంవత్సరంలో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అదే. టియాగో 2016లో వచ్చింది. దానికి మొదట ‘జికా’ అని పేరు పెట్టారు. అంతలో జికా వైరస్ లోకమంతా గోల పెట్టించడంతో పేరు మార్చుకోవలసి వచ్చింది. నర్సుని కాబట్టి ఈ సంగతి ఒక్కటే నాకు ముందు నుంచీ గుర్తుంది.

నా కంటికి ఆనిన తేడా ఇది: వ్యాగనార్ ఎత్తు 1675 మిల్లీమీటర్లు, టియాగో 1535. ఐదున్నర అంగుళాలు. ఎత్తు పెరిగితే కప్పు ఒక్కటే పెరగదు, సీటు కూడా పైకి వస్తుంది. ఆ సీటు ఎంత ఎత్తులో ఉందన్నది ఆరోగ్యంగా ఉన్నవాడికి పట్టదు. డయాలసిస్ మనిషికి అదే ముఖ్యం. ఎందుకో చెబుతాను.

డయాలసిస్‌కు వెళ్లే మనిషీ, తిరిగొచ్చే మనిషీ ఒకరు కారు. వెళ్లేటప్పుడు ఒంట్లో నీరుంటుంది. పాదాలు వాచి ఉంటాయి, కొందరికి ఆయాసం. వెనక్కి వాలితే ఊపిరాడదు, నిటారుగా కూర్చోవాలి. వాచిన కాళ్లు పెట్టుకోవడానికి ముందు సీటు కింద జాగా కావాలి. నాలుగు గంటలు మెషీను మీద ఉండి వచ్చేటప్పుడు కథ తిరగబడుతుంది. నీరు లాగేశాక బీపీ పడిపోతుంది. పిక్కలు పట్టేస్తాయి. కళ్లు తిరుగుతాయి, కొందరికి వాంతి వస్తుంది. అప్పుడు లోతు సీట్లో కూలబడిన మనిషి ఇంటి దగ్గర దిగాలంటే మోకాళ్లు నడుముకంటే పైకి లేచి ఉంటాయి, చేతులు ఊని లేవాలి. ఆ చేతుల్లో ఒకదానికి ఫిస్టులా ఉంటుంది.

ఫిస్టులా అంటే ఉద్దానంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. రక్తం తీసి ఎక్కించడానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసే ఏర్పాటు. ఎక్కువగా పనిచేయని చేతికే, అంటే సామాన్యంగా ఎడమ చేతికే పెడతారు. ఆ చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, ఇంజెక్షన్ చేయకూడదు, దాంతో బరువెత్తకూడదు. సూదులు తీసిన చోట గట్టిగా ఊనితే మళ్లీ రక్తం చిమ్ముతుంది. ఇప్పుడు కారు ఎడమ తలుపు లోంచి దిగడం ఊహించుకోండి. తలుపునో పైనున్న పిడినో పట్టుకునేది ఎడమ చెయ్యే. అందుకే ఎడమ చేతి ఫిస్టులా వాళ్లను నేను కుడి తలుపు వైపు కూర్చోబెట్టేదాన్ని. అప్పుడు పని కుడి చెయ్యి చేస్తుంది. సీటుబెల్టు కూడా కుడి భుజం మీదుగా వస్తుంది, ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటుంది. అయితే అది రోడ్డు వైపు తలుపు. కాబట్టి బండిని రోడ్డు మీద ఆపకుండా వాకిట్లోకి తెమ్మనాలి. కొందరికి ఫిస్టులా ఇంకా తయారు కాక మెడ కింద కుడివైపు గొట్టం ఉంటుంది. వాళ్లకు లెక్క మళ్లీ మారుతుంది, బెల్టు ఆ గొట్టాన్ని నొక్కకుండా ఎడమ వైపు కూర్చోవాలి. ఇన్ని వీడియోలు చూసిన మా వాళ్లిద్దరికీ ఇందులో ఒక్క ముక్కా తెలియదు. తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు, చెప్పేవాళ్లేరీ?

వాకిలి అన్నాను కదా. మా వాకిళ్లు కొబ్బరి చెట్ల మధ్య ఉంటాయి. బండి లోపలికి రావడమే కాదు, వచ్చాక తలుపు నిండుగా తెరుచుకోవాలి. వ్యాగనార్ వెడల్పు 1620 మిల్లీమీటర్లు, టియాగో 1677. ఆ రెండంగుళాలూ చెట్టుకీ తలుపుకీ మధ్య పనికొస్తాయి. అదే రెండంగుళాలు వెనక ముగ్గురు కూర్చున్నప్పుడు టియాగోలో సుఖమిస్తాయి, ఆ మాటా ఒప్పుకోవాలి. డిక్కీ వ్యాగనార్‌లో 341 లీటర్లు, టియాగోలో 242. మడత చక్రాల కుర్చీ పట్టాలంటే ఈ అంకె చూసి ఊరుకోకండి, కుర్చీని మోసుకెళ్లి పెట్టి చూడండి.

ఇంకో మాట. డబ్బు మిగులుతుందని అన్నిటికంటే చౌక రకం తీసుకునేవాళ్లు వెనక తలుపు దగ్గర పట్టుకునే పిడి ఉందో లేదో చూసుకోవాలి. అద్దం మీట నొక్కితే దిగుతుందా, చేత్తో తిప్పాలా అన్నది కూడా. వాంతి వస్తున్న మనిషి సూదులు గుచ్చిన చేత్తో అద్దం దింపలేడు. కంపెనీలు ముందు సీట్లకు ఇచ్చినంత ధారాళంగా వెనక సీట్లకు ఇవ్వవు. సౌకర్యాల్లో మొదట కోత పడేది కూడా వెనకే.

ఇక నక్షత్రాల సంగతి. ఇక్కడ మా మేనల్లుడి వాదన గట్టిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండిని అడ్డు గోడకు గుద్ది చూస్తుంది. 2019లో వ్యాగనార్‌కు పెద్దల రక్షణలో రెండు నక్షత్రాలొచ్చాయి. 2020 జనవరిలో టియాగోకు నాలుగు. తర్వాత పరీక్ష కఠినం చేశారు. ఆ కొత్త పద్ధతిలో 2023లో వ్యాగనార్‌కు పెద్దలకు ఒకటి, పిల్లలకు సున్న. పాత పద్ధతిలో వచ్చిన నాలుగునీ, కొత్త పద్ధతిలో వచ్చిన ఒకటినీ పక్కపక్కన పెట్టి చూపించడం న్యాయం కాదు. పోల్చాలంటే రెండునీ నాలుగునీ పోల్చాలి. అప్పుడూ టియాగోదే పైచేయి. 2023లో గుద్దిన వ్యాగనార్‌కు రెండే ఎయిర్‌బ్యాగులు. 2025లో మారుతీ అన్ని రకాలకూ ఆరు చేసింది.

అయితే ఆ పరీక్షలో బొమ్మల్ని ఎక్కడ కూర్చోబెడతారో తెలుసా? పెద్ద మనుషుల బొమ్మలు రెండూ ముందు సీట్లలో. వెనక కూర్చునేవి పసిపిల్లల బొమ్మలు, ఒకటి ఏడాదిన్నర వయసుది, ఒకటి మూడేళ్లది. పెద్దల రక్షణకు ఇచ్చే నక్షత్రాలు ముందున్న ఆ రెండు బొమ్మల ఒంటికి తగిలిన దెబ్బను చూసి ఇచ్చేవి. మన దేశం 2023 అక్టోబరు నుంచి మొదలుపెట్టిన భారత్ ఎన్‌క్యాప్‌లోనూ పెద్ద బొమ్మలు ముందే. అరవై దాటిన మా అన్నయ్య వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చుంటే ఏమవుతుందో ఏ నక్షత్రమూ చెప్పదు. గట్టి బాడీ వెనకవాళ్లనూ కొంత కాస్తుంది, కాదనను. కానీ నక్షత్రాలు చూపించి ‘నాన్న కోసం’ అంటున్న కుర్రాడు లెక్క చూపిస్తున్నది తను కూర్చునే సీటుది.

వెనక సీటుకు బెల్టే దిక్కు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పోయింది చిన్న కారులో కాదు, మెర్సిడెస్‌లో, వెనక సీట్లో, బెల్టు లేకుండా. వెనకవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలని, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో ఉంది. మా వైపు వెనక బెల్టు సీటు సందులో కూరుకుపోయి ఉంటుంది, తియ్యడానికి వేళ్లు పట్టవు. కొత్త బండిలో ప్లాస్టిక్ కవరు కూడా తియ్యరు. హైవే మమ్మల్ని ఎంతగా భయపెట్టిందో శ్రీకాకుళం జిల్లా వాళ్లకు చెప్పనవసరం లేదు. 2012 నవంబరు 2న కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు గారు రణస్థలం దగ్గర ఈ రోడ్డు మీదే పోయారు. రాత్రి పూట, ట్యాంకరును గుద్దుకుని.

హైవే అంటే నా అసలు మాట దగ్గరికి వచ్చాను. ఏ కారు కొనాలో తేల్చాల్సింది ముందుగా ఆసుపత్రి ఎక్కడుందన్నది. ఒకప్పుడు ఉద్దానంలో కిడ్నీ రోగమంటే విశాఖ కేజీహెచ్ దారి. రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. పూండిలోనో పలాసలోనో రైలెక్కేవాళ్లు, లేదా నలుగురు కలిసి జీపు మాట్లాడుకుని చీకటితో బయల్దేరేవాళ్లు. ఆ రోజుల్లో నన్నెవరైనా అడిగితే ఆలోచించకుండా గట్టి బండి కొనమనేదాన్ని. తర్వాత దగ్గర్లోనే డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. (1983లో అదే డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతీ 800 తాళాలు కొన్నవాడి చేతికి ఇచ్చారు. సరిగ్గా నలభై ఏళ్లు. ఎవరూ అనుకుని చేసింది కాదు, నాకు మాత్రం సరదాగా అనిపించింది.) ఆ ఒక్క భవనం మా ప్రయాణాన్ని కుదించేసింది. హైవే మీద వంద వేగంతో వెళ్లాల్సినవాళ్లు ఇప్పుడు ఊళ్ల మధ్య రోడ్డు మీద నలభైతో పలాస వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొస్తున్నారు. వేగం తగ్గితే గుద్దు ముప్పు తగ్గుతుంది. ఎక్కి దిగడం మాత్రం వారం వారం ఉంటుంది. అందుకని మా ఇంటికి నా ఓటు వ్యాగనార్‌కే. నెలకోసారైనా విశాఖ వెళ్లక తప్పని ఇల్లయితే టియాగో కొనండి, సీటు మీద ఒక గట్టి దిండు వేసుకోండి.

డబ్బు విషయం అల్లుడు రోజూ చెబుతున్నాడు కాబట్టి నేను ఒక్క లెక్కే చెబుతాను. ఐదు లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, అరవై నెలలు. వాయిదా నెలకు 10,379 రూపాయలు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పింఛను నెలకు 10 వేలు. పింఛను మొత్తం ధారపోసినా వాయిదా తీరదు, పెట్రోలు వేరే. మా అన్నయ్యకు కొబ్బరి తోట ఉంది, కొడుకూ అల్లుడూ ఉన్నారు. కూలికెళ్లే ఇంట్లో ఈ చర్చే ఉండదు, అక్కడ ఆటో. ఆసుపత్రి దగ్గరికి వచ్చిన మాట నిజమే. వాకిటి నుంచి ఆ గేటు దాకా ఉన్న దూరాన్ని మాత్రం ఎవరి డబ్బుతో వాళ్లే దాటుతున్నారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం, రోగి వెంట వెళ్లే భార్యకు ఎంతో మేలు. కానీ మెషీను ఖాళీ అయ్యే వేళకీ పల్లెవెలుగు వేళకీ పొత్తు కుదరదు, పైగా బస్సు మెట్టు కారు సీటు కంటే కష్టం. మండలానికి రెండు మూడు వ్యాన్లు, మెట్టు కిందికి ఉన్నవి, షిఫ్టుల ప్రకారం ఊళ్లు తిరిగేలా పెడితే ఎన్నో ఇళ్లలో ఈ వాయిదా పుస్తకాలే ఉండవు. కారు ఎంపిక గురించి రాస్తూ కార్లు వద్దంటున్నదేమిటని అనుకోవచ్చు. కొనగలిగినవాళ్లు కొంటారు, నాకేం అభ్యంతరం లేదు.

ఉప్పుగాలి సంగతి చెప్పకపోతే మంచినీళ్లపేట, నువ్వలరేవు వాళ్లు నన్ను తిడతారు. సముద్రం పక్కన ఏ కంపెనీ ఇనుమైనా ఇనుమే. కొన్న వారంలోనే అడుగున తుప్పు పట్టని పూత వేయించాలి, తలుపుల కింది అంచుల్లో నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి, వారానికోసారి మంచినీళ్లతో అడుగు కూడా కడగాలి. రంగు అన్నయ్యనే ఎంచుకోమన్నాం. తెలుపు అన్నాడు. తుప్పు మచ్చ దాని మీద ముందుగా కనబడుతుందట. ఇల్లంతా చేసిన పరిశోధనలో పనికొచ్చే మాట అదొక్కటే. కొబ్బరి చెట్టు కింద బండి పెట్టొద్దన్నదీ ఆయనే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా మండలం మీదుగా తీరం దాటినప్పుడు ఆయన తోట ఏమైందో చూసినవాడు.

కాశీబుగ్గలో అల్లుడికి తెలిసిన మెకానిక్కు ఒకడున్నాడు. వాణ్ని అడిగితే ఏ కంపెనీ పేరూ ఎత్తలేదు. “ఏ బండైనా బాగుసేస్తానమ్మా. సామాను ఏ దానికి ఆ రోజే దొరుకుద్దో అది కొనండి. డయాలసిస్ బండి నా షెడ్డులో మూడు రోజులు ఉండిపోతే ఎలా?” అన్నాడు. ఇంతకంటే మంచి సలహా ఏ వీడియోలోనూ లేదు. కొనేముందు మీ ఊరి మెకానిక్కును ఈ ప్రశ్నే అడగండి, ఏ బండి మంచిదని అడగకండి.

షోరూముల్లో టెస్ట్ డ్రైవ్ అంటే తాళాలు నడిపేవాడి చేతికిస్తారు, వాడు ఒక చుట్టు తిరిగొచ్చి తల ఊపుతాడు. మా వాళ్లతో నేను వేరేలా చేయించాను. డయాలసిస్ అయిన రోజు, అన్నయ్య బయటికొచ్చే వేళకి, ఆసుపత్రి గేటు దగ్గరికే బండి తెమ్మని చెప్పించాను. వేరే రోజు రెండోది. ఉదయం కులాసాగా ఉన్నప్పుడు ఏ సీటైనా బాగానే ఉంటుంది. నీరసంలో ఎక్కి, ఇంటి దగ్గర ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగగలడా లేదా అన్నది చూడాలి. టియాగోలోంచి దిగేటప్పుడు వదిన చెయ్యందించింది. వ్యాగనార్‌లోంచి ఆయనే దిగి, ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడి, లోపలికి నడిచి వెళ్లాడు. షోరూం కుర్రాళ్లు ఇద్దరూ మర్యాదస్తులే, ఇలాంటి టెస్ట్ డ్రైవ్ మమ్మల్నెవరూ అడగలేదన్నారు. అడగండి. ఇస్తారు.

మేనల్లుడు మాత్రం ఓ పట్టాన ఒప్పుకోలేదు. “నువ్వు సీటెత్తు సూస్తన్నావత్తా, నాను పేణం సూస్తన్నాను” అన్నాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చివరికి వాడే షరతులు పెట్టాడు. ఈ బండి టెక్కలి దాటి హైవే మీదికి వెళ్లకూడదు. విశాఖ వెళ్లాల్సి వస్తే పగటిపూటే, గట్టి బండి అద్దెకు మాట్లాడుకుని వెళ్లాలి, ఆ అద్దె తనే ఇస్తాడు. వెనక బెల్టు పెట్టుకోకుండా బండి కదలకూడదు, అది చూసుకునే పూచీ నాది. అన్నిటికీ సరేనన్నాం. అల్లుడు మాత్రం ఇప్పటికీ లీటరుకు ఎంతిస్తుందోనన్న దగ్గరే ఉన్నాడు.